బండి నంబరు చాలు, నా పేరెందుకు?

కరోనా రోజుల్లో జిల్లా దాటాలంటే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఈ-పాస్‌ను తమిళనాడులో 2020 ఆగస్టు 17 నుంచి అడిగిన ప్రతివారికీ ఇచ్చేశారు. అంతకుముందు అదే పాసు కోసం జనం పడ్డ అగచాట్లు ఇన్నీ అన్నీ కావు. పెళ్ళి, చావు, వైద్యం, ఎక్కడో చిక్కుకుపోయి సొంతూరు చేరడం వంటి కారణాలు ఉంటేనే జిల్లా దాటనిచ్చేవారు. దరఖాస్తు పెడితే తిరస్కరణ, మళ్ళీ పెడితే మళ్ళీ తిరస్కరణ. సందు దొరికిన చోటల్లా దళారులు మొలిచారు, పాసులు అమ్ముకున్నారని కొందరిని అరెస్టు కూడా చేశారు. చివరికి అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి ఒక ప్రకటన చేశారు. ఆధార్ నంబరో రేషన్ కార్డు నంబరో, దాంతోపాటు ఒక ఫోను నంబరూ ఇస్తే చాలు, జాప్యం లేకుండా పాసు వస్తుందన్నారు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం అప్పటి నుంచీ ఒక సందేహం తొలుస్తూనే ఉంది. అడిగినవాళ్ళందరికీ ఇచ్చేదైతే ఇక పాసు దేనికి? ఎవరినీ ఆపడం లేదు కాబట్టి రోగం ఆగదు. ఎవరినీ తగ్గించడం లేదు కాబట్టి రద్దీ తగ్గదు. తాళం తీసి పారేసి, కాపలావాడిని మాత్రం గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాయించినట్టు అయింది. అదే ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కూడా స్పందన పోర్టల్‌లో వివరాలు నింపగానే పాసు దానంతటదే ఫోనుకు వచ్చే పద్ధతి పెట్టింది. రెండు రాష్ట్రాలూ ఒకే నెలలో ఒకే దారి పట్టాయి. ఆపే ఉద్దేశం పోయింది, రాసుకునే అలవాటు మిగిలింది.

కరోనా కాలం నాటి ఈ ముచ్చట ఇప్పుడెందుకు అంటారా? ఊటీ వల్ల, అక్కడ ఆ పాసు మళ్ళీ వచ్చింది కాబట్టి. బెంగళూరులో స్థిరపడిన నాలాంటి తెలుగువాళ్ళకు వరసగా మూడు రోజుల సెలవు దొరికితే మొదట నోట్లోకి వచ్చే పేరు అదే. మైసూరు, గుండ్లుపేట, బండిపూర్ అడవి, ముదుమలై, గూడలూరు, ఆపైన ఘాట్ రోడ్డు. ఉద్యోగం దొరికిన కొత్తలో స్నేహితులతో, పెళ్ళయ్యాక ఆలుమగలుగా, ఆ తర్వాత ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళడం ఇక్కడ మామూలే. మన సినిమాల్లో సగం పాటలు ఒకప్పుడు అక్కడే తీశారు కాబట్టి పెద్దవాళ్ళకు ఆ తోటలు ముందే తెలిసిన చోటులా ఉంటాయి. అంతకన్నా పాత బంధం కూడా ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఎండాకాలం వస్తే ప్రభుత్వమే ఊటీకి తరలిపోయేది. అంటే అక్కడ రద్దీ మొదలుపెట్టింది మనబోటి సందర్శకులు కాదు, ఎండ పడని దొరలు.

కరోనా రోజుల్లో ఆ కొండల మీద నడిచిన వ్యవహారం ఇది. 2020 ఆగస్టు 22న కేంద్ర హోంశాఖ కార్యదర్శి అజయ్ భల్లా రాష్ట్రాలకు ఉత్తరం రాశారు. రాష్ట్రాల మధ్య గానీ, రాష్ట్రం లోపల గానీ రాకపోకలకు విడిగా అనుమతులు, ఈ-పర్మిట్లు పెట్టకూడదని దాని సారాంశం. తమిళనాడు సెప్టెంబరు 1 నుంచి జిల్లాల మధ్య పాసును తీసేసింది. కానీ ఊటీ ఉన్న నీలగిరి జిల్లా, కొడైకెనాల్, ఏర్కాడు వంటి కొండ ప్రాంతాలకు మాత్రం కలెక్టర్ ఇచ్చే పాసు ఉండాలంది. సెప్టెంబరు 9న ఊటీలో తోటలు తెరిచారు. మళ్ళీ రెండో అల వచ్చినప్పుడు, 2021 ఏప్రిల్ 20 నుంచి, ఆ మూడు చోట్లకూ పర్యాటకులు అసలు రాకూడదని పూర్తిగా మూసేశారు.

ఆ మూసివేతను నేను ఏమాత్రం తప్పుపట్టను. 2011 జనాభా లెక్కల్లో ఊటీ పట్టణంలో ఉన్నవాళ్ళు 88 వేల పైచిలుకు. జిల్లాలో తోడ, కోట, కురుంబ, ఇరుల, పణియ, కాట్టునాయకన్ తెగలవాళ్ళు ఉంటారు. అప్పటికి అక్కడ వైద్య కళాశాల నడవడం మొదలుకాలేదు, ఊపిరి ఆడనివాళ్ళను ఘాట్ రోడ్డు దింపి కోయంబత్తూరు తీసుకుపోవాలి. అలాంటి చోటికి మైదానాల నుంచి వేలమంది ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 'రావద్దు' అన్నారు. ఎందుకు రావద్దో అందరికీ అర్థమైంది, అందరికీ ఒకే మాట వర్తించింది. నా పేచీ ఆ మాటతో కాదు. రావచ్చు అంటూనే కాగితాలు అడిగే పద్ధతితోనే.

ఆ రెండేళ్ళలో మనం నింపిన ఫారాలన్నింటినీ ఒకచోట పెట్టి చూస్తే వాటిలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగంగా ఉంటాయి. నువ్వెవరు? నీకు జబ్బుందా? నీకు ఇక్కడ చోటుందా? ఈ మూడింటికీ సంబంధం లేదు. మొదటిది పోలీసు అడిగే ప్రశ్న, రెండోది డాక్టరు అడిగేది, మూడోది సత్రం గుమాస్తా అడిగేది. మూడింటినీ ఒకే ఫారంలో గుదిగుచ్చి, అన్నింటికీ ఆధార్ నంబరే జవాబు అన్నట్టు నడిపారు. మహమ్మారి పోయాక మిగలాల్సింది మూడో ప్రశ్న ఒక్కటే. మిగిలింది మాత్రం మొదటిది.

మొదటి ప్రశ్నకు ఒకప్పుడు న్యాయమైన కారణం ఉండేది, అది ఒప్పుకోవాలి. టీకా లేని రోజుల్లో ఒకరికి జబ్బు బయటపడితే అతని పక్కన కూర్చున్నవాళ్ళెవరో వెతకాలి. వెతకాలంటే పేరు, ఫోను నంబరు కావాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పని కోసమే తీసుకున్నవైతే పద్నాలుగు రోజులో, నెల రోజులో గడిచాక చెరిపేయాలి కదా? చెరిపేస్తామని ఏ ఫారం కింద రాశారో చూపించండి. అప్పటికి మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు విడిగా చట్టమే లేదు, అది వచ్చింది 2023లో. నేను నింపిన పాసుల వివరాలు పట్టుకుని, 'మీ బస్సులో ఒకరికి కరోనా వచ్చింది, పరీక్ష చేయించుకోండి' అని ఏ ఆరోగ్య కార్యకర్తా నాకు ఫోను చేయలేదు. రిసార్టుల వాళ్ళు, స్థలాలు అమ్మేవాళ్ళు మాత్రం నా నంబరు సంపాదించి ఇప్పటికీ చేస్తుంటారు. అవి ఎక్కడి నుంచి పొక్కాయో తేల్చలేను కాబట్టి ఎవరినీ అనను.

పైగా పేరు రాసి ఇచ్చిన పాసుకు విలువ ఎంత? మన వాళ్ళకు ఇది మొదటివారంలోనే తెలిసొచ్చింది. 2020 మార్చి 25న హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చేయమంటే పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. సొంతూళ్ళకు వెళ్ళేందుకు పోలీసులే పాసులు రాసిచ్చారు. అవి పట్టుకుని బైకుల మీద, కార్లలో బయల్దేరి, విజయవాడ దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి ఆంధ్రా పోలీసులు ఆపేశారు. పక్క రాష్ట్రం ఇచ్చిన పాసు చెల్లదన్నారు. గుర్తింపు కార్డుంది, పోలీసు ముద్ర ఉంది, పేరుంది, ఊరుంది. వందలమంది గంటల తరబడి రోడ్డు మీద గుంపుగా నిలబడ్డారు. గుంపులు వద్దనే కదా ఆ ఏర్పాటంతా! తర్వాతి ఏడాది మే నెలలో ఇదే కథ తిరగబడింది. ఆంధ్రా నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్ళే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపి, ముందస్తు అనుమతి చూపించమన్నారు. హైకోర్టు కలగజేసుకుని ఆ ఉత్తర్వును నిలిపేయాల్సి వచ్చింది. పర్యాటకుడిని కాగితం అడగడం అలవాటైన చెయ్యి రోగినీ అడుగుతుంది.

ఇక రెండో ప్రశ్న, నీకు జబ్బుందా అనేది. దీనికి జవాబుగా ఆర్టీపీసీఆర్ పరీక్ష కాగితం, ఆ తర్వాత టీకా ధ్రువపత్రం వచ్చాయి. హిమాచల్ ప్రదేశ్ 2020 జులైలో పర్యాటకులను రానిచ్చినప్పుడు 72 గంటల లోపు పరీక్షలో నెగెటివ్ వచ్చి ఉండాలి, హోటల్ గది కనీసం ఐదు రోజులకు మాట్లాడుకుని ఉండాలి అని షరతు పెట్టింది. ఐదు రోజుల గదికి డబ్బు పెట్టగలవాడికే కొండగాలి అన్నమాట! ఆరోగ్యానికీ ఐదు రోజులకూ లంకె ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2021 జూన్‌లో పరీక్ష కాగితం అక్కరలేదనగానే హిమాచల్ సరిహద్దులోని పర్వాణూ దగ్గర కార్లు బారులు తీరాయి. మనాలీ వీధుల్లో మాస్కు లేని జనసందోహం ఫోటోలు దేశమంతా తిరిగాయి. జులైలో ప్రధానమంత్రే దాని గురించి ఆందోళన చెప్పాల్సి వచ్చింది. తలుపు పూర్తిగా మూయడమో, బార్లా తెరవడమో తప్ప 'ఈరోజుకు ఇంతమంది' అనే మధ్యేమార్గం అక్కడ కనిపించలేదు.

కాగితం ఎంత గట్టిదో హరిద్వార్ కుంభమేళా చెప్పింది. 2021లో కుంభమేళాకు రావాలంటే పేరు నమోదు, నెగెటివ్ రిపోర్టు తప్పనిసరి చేశారు. మేళా ప్రాంతంలో పరీక్షలు చేసే పనిని ప్రైవేటు ల్యాబులకు ఇచ్చారు. కొన్నాళ్ళకు పంజాబ్‌లోని ఫరీద్‌కోట్‌లో ఉండే ఒక బీమా ఏజెంటుకు 'మీ నమూనా నెగెటివ్' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆయన హరిద్వార్ వెళ్ళనే లేదు, ముక్కులో పుల్ల పెట్టించుకోనూ లేదు. ఊరుకోకుండా ఫిర్యాదు చేశాడు. తీగ లాగితే డొంక కదిలింది. లక్ష దాకా పరీక్షలు బూటకమని ప్రాథమిక విచారణలో తేలింది. ఒకే ఫోను నంబరు మీద పదులమంది, ఒకే ఇంటి నంబరు మీద వందలమంది పరీక్ష చేయించుకున్నట్టు రాసేశారు. పరీక్ష జరగలేదు గానీ పేరు, నంబరు, చిరునామా అన్నీ భేషుగ్గా నిండాయి. ఫారంలో ఏ గడీ ఖాళీగా లేదు. గుర్తింపు వివరాలు అడిగితే మోసం ఆగుతుందనే వాళ్ళు ఈ కేసు ఒకసారి చదువుకోవాలి.

మన తిరుమల సంగతి దీనికి భిన్నం, అందుకే విడిగా చెబుతాను. 2021 సెప్టెంబరులో దేవస్థానం రెండు డోసుల టీకా ధ్రువపత్రమో, మూడు రోజుల లోపు నెగెటివ్ రిపోర్టో ఉంటేనే దర్శనమంది. తిరుపతిలో చేతికిచ్చే ఉచిత దర్శనం టోకెన్లు ఆపేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. మా పెద్దమ్మకు స్మార్ట్‌ఫోను లేదు. నెట్ సెంటర్ కుర్రాడు ఆమె తరఫున కూర్చున్నాడు. టోకెన్లు విడుదలైన కాసేపటికే అయిపోయాయి, అది సరే. చిక్కు ఇంకోచోట వచ్చింది. ఆధార్‌లో ఆమె పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. టీకా కాగితంలో అత్తింటి ఇంటిపేరు పొడి అక్షరం ఉంది. వయసు ఒకదాంట్లో అరవై ఎనిమిది, ఇంకోదాంట్లో డెబ్బై ఒకటి. ఆమె పక్కన నిలబడి, 'రెండూ నేనే నాయనా' అంటూనే ఉంది. కుర్రాడు కంప్యూటర్ వంక చూస్తూ, 'నాకు తెలుసమ్మా, దీనికి తెలియాలి కదా' అన్నాడు. తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళ పేర్లు ఏ రెండు కార్డుల్లోనూ ఒకేలా ఉండవు. ఈ నిబంధన పెట్టేవాళ్ళ ఇళ్ళలో కూడా అలాగే ఉండి ఉంటాయి.

అయినా తిరుమలలో పేరు అడగడాన్ని నేను కొట్టిపారేయను. అక్కడ ఒక రోజులో ఇంతమందికే దర్శనం అనే లెక్క నిజంగానే ఉంది. టికెట్టుకు గిరాకీ ఉంది, దళారులున్నారు, ఒకరి టికెట్టు ఇంకొకరికి అమ్మే వ్యాపారం ఉంది. అమ్మకం ఆపాలంటే టికెట్టు ఒక మనిషికి ముడిపడి ఉండాలి. కొరత ఉన్నచోట పేరుకు ఒక పని ఉంటుంది. కొరతే లేని చోట, అడిగినవాళ్ళందరికీ ఇచ్చే చోట, పేరు చేసే పని ఏమిటి?

మూడో ప్రశ్నకు వద్దాం, ఊటీ మళ్ళీ ఇక్కడే వస్తుంది. మహమ్మారి ముగిసింది, పాసులు పోయాయి, అందరం మర్చిపోయాం. 2024 ఏప్రిల్ చివర్లో మద్రాసు హైకోర్టు ఆ పాత ఈ-పాస్‌ను బయటికి తీసింది. మే 7 నుంచి జూన్ 30 వరకు ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్ళే వాహనాలన్నీ కరోనా నాటి పద్ధతిలోనే పాసు తీసుకోవాలంది. తర్వాత ఆ గడువును పొడిగించారు. కోర్టు ముందున్న లెక్క భయపెట్టేదే: సీజనులో నీలగిరికి రోజుకు సుమారు 20 వేల వాహనాలు. ఆ కొండ రోడ్ల వెడల్పు, ఏనుగులు దాటే దారులు, ఎండాకాలంలో పట్టణానికి అందే నీళ్ళు తెలిసినవాళ్ళెవరూ ఆ అంకె విని ఊరుకోలేరు.

అయితే 2024లో పాసులకు పరిమితి పెట్టలేదు. ఎందరు వస్తున్నారో ముందు లెక్క తేలాలి, కాబట్టి అడిగినవాళ్ళందరికీ ఇవ్వండి అన్నారు. లెక్క కోసం అయితే సరే. కానీ లెక్కకు నా ఫోను నంబరు, దానికి వచ్చే ఓటీపీ ఎందుకు? జనం లెక్కించడానికి టోల్‌గేటు చాలు. ఇటలీలోని వెనిస్ నగరం కూడా అదే ఏడాది ఏప్రిల్ 25 నుంచి ఒక్కపూట సందర్శకులకు 5 యూరోల రుసుము పెట్టింది. అక్కడా పరిమితి లేదు, కట్టినవాళ్ళందరూ లోపలికి పోవచ్చు. పేర్లు, చెల్లింపుల వివరాలు బోలెడు పోగయ్యాయి, కాలువల పక్క సందుల్లో జనం తగ్గారా అంటే అక్కడివాళ్ళే పెదవి విరిచారు.

2025లో మద్రాసు హైకోర్టు అసలైన పని చేసింది. ఏప్రిల్ 1 నుంచి జూన్ చివరిదాకా నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలే. కొడైకెనాల్‌కు 4,000, 6,000. చివరికి పాసుకు ఒక అంకె వచ్చింది. నేను దాన్ని మనసారా సమర్థిస్తాను. ఆ అంకె 6,000 ఉండాలా 9,000 ఉండాలా అనేది తేల్చడానికి మద్రాసు ఐఐటీ, బెంగళూరు ఐఐఎం అధ్యయనం చేయాలని కోర్టు ఇంతకుముందే అంది. తేల్చనివ్వండి. అంకె ఉండటమే ముఖ్యం.

అంకె వచ్చిందంటే కొరత వచ్చింది, కొరత వస్తే దళారి వస్తాడు, కాబట్టి తిరుమలలోలాగే పేరు కావాలి కదా అని మీరు నన్ను నిలదీయవచ్చు. ఇక్కడే నేను చెప్పదలచిన అసలు మాట ఉంది. ఊటీలో పెట్టిన పరిమితి మనుషుల మీద కాదు, వాహనాల మీద. వాహనానికి ముందూ వెనకా పెద్ద అక్షరాలతో పేరు రాసే ఉంటుంది. పాసు కేఏ నంబరు బండికి ఇస్తే ఏపీ నంబరు బండివాడు దాన్ని కొనుక్కుని ఏం చేసుకుంటాడు? నంబరు ప్లేటుకన్నా గట్టి గుర్తింపు కార్డు ఇంకోటి లేదు. దాన్ని చూడటానికి అద్దం దించమని కూడా అడగక్కరలేదు. లోపల కూర్చున్నది నేనా, మా బావమరిదా, మా నాన్నా అనేది రోడ్డుకు అనవసరం. ట్రాఫిక్ జామ్‌కు ఇంటిపేరు ఉండదు.

పాసు మనిషిని గుర్తుపట్టదని కక్కనళ్ళ చెక్‌పోస్టు దగ్గర నేను కళ్ళారా చూశాను. బండిపూర్ అడవి దాటి తమిళనాడులో అడుగుపెట్టే చోటు అది. మా ముందు ఒక టెంపో ట్రావెలర్ ఆగింది. అనంతపురం వైపు కుటుంబం, మాట వింటే తెలిసిపోతోంది. పాసు డ్రైవరు ఫోను నంబరు మీద ఉంది. లోపల ఉన్న డజనుమంది పేర్లు ఎక్కడా లేవు, 'మనుషుల సంఖ్య' అనే గడిలో ఒక అంకె మాత్రం ఉంది. ముందు సీటులో కూర్చున్న పెద్దావిడ ఎందుకైనా మంచిదని అందరి ఆధార్ కార్డులూ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఒళ్ళో పట్టుకుంది. అద్దం దించగానే ఆ సంచి చెయ్యి చాచి అందించింది. అక్కడి అమ్మాయి కార్డుల వంక చూడలేదు. సంచి వంక చూసింది. నీలగిరిలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం, ఆ సంచి ఇక్కడే వదిలేయాలంది. పెద్దావిడ కార్డులన్నీ కొంగులో పోసుకుని సంచి ఇచ్చేసింది. వెనక సీట్ల కింద నుంచి చిన్న నీళ్ళ సీసాలు నాలుగైదు బయటికొచ్చాయి, అవీ పోయాయి. బండి కదిలింది.

నాకు ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది. కొండకు ఏది చేటో దాన్నే ఆపింది. ఎవరు వస్తున్నారన్నది ఆమెకు పట్టలేదు, పట్టాల్సిన అవసరమూ లేదు. ఆ ఫారం రాసినవాళ్ళకన్నా ఆమెకే ఆ ఉద్యోగం బాగా అర్థమైందనిపించింది.

చట్టం మాటా చూద్దాం. రాజ్యాంగం 19(1)(డి) దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది. 19(5) దానికి సమంజసమైన పరిమితులు పెట్టవచ్చంది. దేనికోసం? సాధారణ ప్రజల మేలు కోసం, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం. ఆ రెండో మాట నీలగిరికి అచ్చంగా సరిపోతుంది, కాబట్టి 6,000 అనే పరిమితికి పునాది గట్టిదే. ఆధార్ సంగతి వేరు. 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు సబ్సిడీలకు, పాన్‌కు ఆధార్ అడగవచ్చంది గానీ బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు తప్పనిసరి చేయడం కుదరదంది. సిమ్ కార్డుకే అక్కరలేనిది కొండెక్కడానికి ఎందుకు? టీకా విషయంలో 2022 మే 2న అదే కోర్టు, టీకా వేసుకోనివాళ్ళు బహిరంగ ప్రదేశాలకు రాకూడదని రాష్ట్రాలు పెట్టిన ఆంక్షలు అప్పటి పరిస్థితికి తగినవి కావంది. తగినంత కారణం ఉందా అనేదే ప్రతిసారీ కొలబద్ద.

కొలబద్ద కోర్టులో ఉంటుంది, జిరాక్సు హోటల్ కౌంటరులో ఉంటుంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ నకళ్ళు ఎవరికిపడితే వారికి ఇవ్వకండి, అనుమతి లేని హోటళ్ళు, సినిమా హాళ్ళు వాటిని తీసుకోకూడదు అని. ఇంట్లో అందరికీ పంపించి సంబరపడేలోపే, రెండు రోజుల్లో, తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదముందంటూ ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. నాకైతే మొదటిసారే సరిగ్గా అర్థమైంది. హోటళ్ళవాళ్ళు యథావిధిగా జిరాక్సులు తీసుకుంటూనే ఉన్నారు.

ఊటీవాళ్ళ బాధ ఇంకో రకం, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం అన్యాయం. 2025 ఏప్రిల్ 2న నీలగిరి వ్యాపారులు ఈ-పాస్ ఎత్తేయాలని బంద్ చేశారు. హోమ్‌స్టేలు నడిపేవాళ్ళు, వర్కీలనే ఊటీ బిస్కెట్లు, చాక్లెట్లు, యూకలిప్టస్ నూనె అమ్మేవాళ్ళు, గుర్రాల మీద పిల్లలను తిప్పేవాళ్ళు, వీళ్ళకు రెండు నెలల సీజనే ఏడాది సంపాదన. 2020, 2021 సీజన్లు రెండూ వరసగా పోయాయి. పాసు అనే మాట వింటేనే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. ఫోను, ఓటీపీ, ఫారం అనగానే ఇదంతా మనకెందుకని జనం వేరే చోటికి తిరిగిపోతారని వాళ్ళ భయం. ఆ భయంలో నిజముంది. నిబంధన పేరు చూసి వెనక్కి తగ్గేది కారు, హోటల్ ముందే మాట్లాడుకున్నవాడు కాదు. నెట్ సెంటరుకు వెళ్ళాల్సినవాడే తగ్గిపోతాడు. టీ తాగేది, వర్కీలు కొనేది, రోడ్డు పక్క క్యారెట్లు బేరమాడేది ఎక్కువగా వాడే. వ్యాపారులు అడగాల్సింది అంకె తీసేయమని కాదు, ఫారం తీసేయమని. బండి నంబరు, వచ్చే తేదీ, పోయే తేదీ, ఇంతే. ఈరోజుకు ఇంకా ఎన్ని పాసులున్నాయో మైసూరు దగ్గరే, కోయంబత్తూరు వైపు కొండ కింద ఉన్న మేట్టుపాళయం దగ్గరే బోర్డు మీద కనిపించాలి. బండి వెళ్ళిపోయిన కొద్ది రోజులకు ఆ నంబరు చెరిగిపోవాలి.

ప్రభుత్వ బస్సులో, రైల్లో వెళ్ళేవాళ్ళకు పాసు అక్కరలేదు. ఈ నిబంధనలన్నింటిలో నాకు నచ్చిన మాట అదే, ఎవరూ దాని గురించి మాట్లాడరు. యాభైమంది ఎక్కిన బస్సు ఒక్క వాహనం, యాభైమంది ఎక్కిన కార్లు పన్నెండో పదమూడో. మా బావమరిదితో అంటే, 'పిల్లలు, సామాను, పెద్దవాళ్ళు, వీళ్ళందరితో బస్సా? నువ్వెళ్ళు బావా' అంటాడు. అతనిదీ తప్పు కాదు. బండిపూర్ రోడ్డు 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసే ఉంటుంది. సెలవురోజు సాయంత్రం మైసూరు బస్సు తప్పితే కుటుంబంతో గూడలూరులో గది వెతుక్కోవాల్సిందే. చెక్‌పోస్టు దగ్గర పన్ను పేరుతో వసూలు చేసే డబ్బులో కొంత పెట్టి గూడలూరులో, మేట్టుపాళయంలో కార్లు నిలిపే చోటు కట్టి, అక్కడి నుంచి పావుగంటకో బస్సు పైకి తిప్పితే మా బావమరిది కూడా ఎక్కుతాడు. టికెట్టు ఇచ్చేటప్పుడు కండక్టరు ఎక్కడికని మాత్రమే అడుగుతాడు.